పుస్తకాల తరుగు

మిర్యాలగూడ బైపాస్ పక్కనున్న రామలింగం సేటు రైసుమిల్లులో పొద్దున్నే జరిగే మొదటి పని చాయ తాగడం. రెండో పని పలక వేయడం. మందపాటి టేకు చెక్కను ఒక కొస నేల మీద, ఇంకో కొస బండి మీద ఆనేట్టు పెడతారు. హమాలీలు బస్తా భుజానికెత్తుకుని ఆ పలక మీదుగా పైకి నడిచి, బండిలో దించి, పక్కనుంచి కిందికి దూకుతారు. మళ్లీ ఇంకో బస్తా. ఎండాకాలమైనా ముసురైనా అంతే. చూసేవాళ్లకు చీమల బారులాగా ముచ్చటగా ఉంటుంది. మోసేవాళ్ల సంగతి వాళ్లనే అడగాలి.

ఆ పలకకు ఒక కట్టుబాటు ఉంది. దాని మీద అడుగు పెట్టినవాడు బరువును బండిలోనే దించాలి. నడుమ దించకూడదు, వెనక్కి రాకూడదు, జారవిడవకూడదు. వెనక వచ్చేవాడి కాళ్లు విరుగుతాయని పాతకాలం వాళ్లు పెట్టుకున్న మాట. ఒకసారి జారవిడిస్తే మేస్త్రీ నోటితో చెప్పి వదిలేస్తాడు. రెండోసారి జారితే చెయ్యి చాపి కొక్కెం అడుగుతాడు. బస్తాను గుచ్చి లాగే ఆ ఇనుప కొక్కెం పోయిందంటే హమాలీల ముఠాలో మనిషి పోయినట్టే. మిర్యాలగూడలో ఇంకే మిల్లు వాళ్లూ పిలవరు.

హమాలీ సైదులు ఇంతకాలంలో పలక మీద ఎన్నడూ బస్తా జారవిడవలేదు. సొంతూరు పెన్‌పహాడ్ దగ్గర. ఎనిమిదో తరగతి దాకా బడికి పోయాడు, ఏడో తరగతి దాకా చదివాడు. మీసాలు రాకముందు మిల్లుకొచ్చాడు, ఇప్పుడవి తెల్లబడ్డాయి. మొన్నటి వానాకాలం నుంచి ఎడమ భుజం సతాయిస్తోంది. దవాఖానలో చూపిస్తే బరువులు ఎత్తొద్దన్నారు. ఆ మాట విని ముఠా అంతా ఒక పూట నవ్వుకున్నారు, సైదులు కూడా.

ఇక రామలింగం సేటు గురించి. సేటుకు జీవితంలో ఒకటే దిగులు, తరుగు. వడ్లు ఎండితే తరుగు. మిర్చి ఎండితే తరుగు. బెల్లం కారితే తరుగు. కొన్నప్పుడున్న తూకం అమ్మేటప్పుడు ఉండదు. అందుకే రైతు దగ్గర బస్తాకింత అని ముందే కోసుకుంటాడు, అది వేరే సంగతి. షుగరు వచ్చాక తన ఒంట్లో కూడా తరుగు మొదలైందని సేటు అందరితో చెప్పుకుని బాధపడేవాడు.

అట్లాంటి మనిషి కంట ఒకరోజు తవుడు కుప్ప మీది కట్ట పడింది. కుప్ప మీద కప్పిన టార్పాలిన్ గాలికి లేవకుండా దాని మీద ఏళ్ల తరబడి ఒక పుస్తకాల కట్ట ఉంటోంది. మందపాటి కాగితంతో చుట్టి, పురికొస కట్టి ఉంది. మొదట్లో దాన్ని ఒక్క మనిషి ఎత్తేవాడు. తర్వాత ఇద్దరు కావలసి వచ్చింది. ఇప్పుడు పక్కకు జరపాలంటే గడ్డపార తెస్తున్నారు.

ఎవ్వరూ చదవని పుస్తకం బరువెక్కుతుందన్నది మన దిక్కు అందరికీ తెలిసిందే. సూర్యాపేటలో ఒక లాయరు గారి బీరువా నాపరాళ్లు పగలగొట్టుకుని కిందికి దిగిపోయింది. చదివితే మళ్లీ తేలికవుతుంది, పూర్తిగా చదివితే పేలాల పొట్లమంత అవుతుంది, ఫ్యాను కింద పెట్టలేం. పెద్ద కంపెనీల పుస్తకాలకు ఈ బాధ తక్కువ, అవి ఎట్లనో జనంలోకి పోతాయి. తిప్పలన్నీ సొంతంగా అచ్చేసుకున్న వాళ్లకే. పాపం ఉత్సాహంగా ప్రెస్సు నుంచి తెచ్చుకుని మంచం కింద పెడతారు. చుట్టాలకు నాలుగు పంచుతారు. చుట్టాలు చదవరు. ఆరు నెలలకు మంచం కింద గచ్చు పగులుతుంది. రాసినవాళ్లు తమది తామే చదువుకుంటే కొంచెమైనా తగ్గదా అంటే, తగ్గదు. ఎంతమంది చూసుకున్నారో.

ఇదంతా సేటుకూ తెలుసు. కానీ వ్యాపారం కంటితో ఆ రోజే చూశాడు.

"ఏందయ్యా మౌళీ, నా మిల్లుల తరుగు లేని సరుకు ఇదొక్కటే గద!" అన్నాడు గుమస్తాతో.

గుమస్తా చంద్రమౌళి తల ఊపి లెక్కల పుస్తకంలోకి వంగాడు. ఆ కట్ట ఆయనదే మరి. పెళ్లికి ముందు, మిల్లులో చేరిన కొత్తలో ఒక ఓడ కథ రాసి, కెప్టెన్ సాగర్ అని పేరు పెట్టుకుని అచ్చేయించాడు. ఆయన చూసిన సముద్రం నాగార్జునసాగర్ డ్యాం వెనక నీళ్లే. ఇంట్లో పెట్టుకోవడానికి మొహం చెల్లక మిల్లుకు తెచ్చి ఒక మూల పెడితే, ఎవరో తీసి టార్పాలిన్ మీద పెట్టారు. తనదని చెప్పడానికి అప్పుడు సిగ్గేసింది. తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

సేటు డీసీఎం డ్రైవర్ దస్రును పిలిచాడు. సూర్యాపేట, కోదాడ, పెద్దవూర, అనంతగిరి, ఎక్కడెక్కడ సొంతంగా పుస్తకాలు వేసుకున్నవాళ్లు ఉన్నారో వాకబు చేయించి, కిలోల లెక్కన కొనడం మొదలుపెట్టాడు. ఒక ఏడాది దాచి, బాగా బరువెక్కాక పేపర్ మిల్లుకు తోలాలని లెక్క. అక్కడ ఎట్లాగూ ముక్కలు చేసి ఉడకబెడతారు, లోపల ఏముందని అడగరు.

రాసినవాళ్ల సంతోషం చెప్పనలవి కాదు. కోదాడలో హారిక అనే అమ్మాయి జిరాక్సు షాపు నడుపుతుంది. 'బైపాస్ మీద అవ్వ' అని దయ్యం నవల రాసుకుంది. దస్రు కట్టలు డీసీఎంలోకి ఎక్కిస్తుంటే సేటు దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"అన్నీ మీరే తీసుకుంటున్నారా అండీ? చదివాక ఎలా ఉందో చెప్తారు కదా?"

"ఫికర్ చెయ్యకమ్మా. భద్రంగ దాస్త. ఒక్క పేజీ నలగదు," అన్నాడు సేటు.

అందులో సంతోషపడాల్సింది ఎంతుందో ఆ అమ్మాయికి వెంటనే అర్థం కాలేదు.

పుస్తకాలు గోదాం నిండా చేరాయి. సేటు ఎవ్వరినీ తెరవనివ్వలేదు. "తెరిస్తే తరుగు పడతది" అని తాళం వేయించి, తాళంచెవి చంద్రమౌళికిచ్చాడు. నెలలు గడిచాయి. కట్టలు లోపల్లోపల బరువెక్కసాగాయి. గోదాం గోడ సన్నగా నెర్రె ఇచ్చింది.

దసరాకు ముందు కొత్త వడ్లకు జాగా కావాలని సేటు కొన్ని కట్టలను బండి మీద పక్క గోదాంకు మార్పించాడు. ఆ రోజు పలక మీద సైదులు ఎడమ భుజం మొరాయించింది. కట్ట జారి దభీమని కింద పడింది. మిల్లు ఆడుతున్న చప్పుడులో కూడా అందరికీ వినపడింది.

మేస్త్రీ లక్ష్మణ్ దగ్గరికొచ్చాడు. సైదులు కంటే చిన్నవాడు. పని నేర్పింది సైదులే. అందుకే ముఖం పక్కకు తిప్పుకుని చెప్పాడు.

"సైదులన్నా, ఇది మొదటిసారి. నేనేమనను. గానీ ఇంకోసారైతే..."

"తెలుసు తియ్యి. కొక్కెం నీకే ఇస్త, నువ్వు అడగక ముందే."

"దీపావళి ఎల్లినంక ఇవన్నీ పేపర్ మిల్లుకు లోడు చెయ్యాలంట. అప్పటికి ఇంక బరువెక్కుతయ్. వంతు తప్పించనీకి రాదు, మిగిలినోళ్లు ఊకోరు. ఏం చేస్తవో సూస్కో."

చిరిగిన కట్టను మళ్లీ కట్టమని సైదులుకే చెప్పారు. తవుడు బస్తాల మీద కూలబడి పుస్తకాలు సర్దుతుంటే ఒకటి ఒళ్లో తెరుచుకుంది. 'బైపాస్ మీద అవ్వ.' సద్ది తినే వేళ. పక్కన ఊక ఊడ్చే గౌరీబాయి టిఫిన్ విప్పుతోంది. సైదులు పెదాలు కదుపుతూ మొదటి పేజీ చదివాడు. రెండోది చదివాడు. అన్నం చల్లారిపోయింది.

"అన్నా, తింటవా, గట్లనే సూసుకుంట కూసుంటవా?" అంది గౌరీబాయి.

"ఆగు చెల్లె. అవ్వ లిఫ్టు అడిగింది. బండోడు ఆపిండు. ఆమెకు పాదాలు లేవని వానికి తెల్వదు."

"అయ్యో! మరి ఎట్ల ఎక్కింది?"

ఆ తర్వాత సైదులు గట్టిగానే చదివాడు. రెండు మూడు రోజుల సద్ది వేళల్లో పుస్తకం అయిపోయింది. మూసి పక్కన పెట్టబోతే చేతిలో ఏమీ లేనట్టు అనిపించింది. పిట్ట ఈకంత ఉంది. గౌరీబాయి ఊదితే బస్తా మీదనుంచి జరిగి పోయింది.

సైదులు ఆ పుస్తకాన్ని చూశాడు, గోదాం వైపు చూశాడు, తన ఎడమ భుజం తడుముకున్నాడు.

ఆ మధ్యాహ్నమే గుమస్తా గదికి పోయాడు.

"మౌళి సారూ, ఒక మాట. గోదాం తాళంచెవి సద్ది యాళ్ల జర నాకిస్తవా?"

"ఎందుకు?"

"పుస్తకాలు చదవనీకి."

చంద్రమౌళి కలం కింద పెట్టాడు. ఆ మాట ఆయన చెవిన పడి ఎన్నేళ్లయిందో. "అన్నీనా?" అన్నాడు.

"అన్నీ. దీపావళి లోపట. లేకుంటే నేను పలక మీద పడిపోత సారూ. నా కొక్కెం పోతది."

"సేటుకు తెలిస్తే నా కొలువు కూడా పోతది."

"తెరిచినట్టు తెల్వకుంట మల్ల కడత. కట్టుడు నాకు రాదా?"

చంద్రమౌళి సొరుగు తీశాడు. తాళంచెవి ఇస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. "గా తవుడు కుప్ప మీద ఒక కట్ట ఉన్నది గద..."

"గది పుస్తకాలా? నేను రాయనుకున్న," అని సైదులు వెళ్లిపోయాడు. చంద్రమౌళి చాలాసేపు సొరుగు తెరిచే ఉంచుకుని కూర్చున్నాడు.

ఒక్క మనిషి చదివితే గోదాం తరగదని సైదులుకు మొదటి వారంలోనే తెలిసింది. ఒక కాపీ చదివితే ఆ కాపీయే తేలికవుతుంది, పక్కది కాదు. పేజీలు ఊరికే తిప్పితే లాభం లేదు, అట్లా మోసం చేయబోయిన ఒకడి పుస్తకం ఇంకాస్త బరువెక్కింది కూడా. కాకపోతే గౌరీబాయి వల్ల ఒక మేలు తెలిసింది. ఆమెకు చదువు రాదు. ఆమె చేతిలో ఒక కాపీ పెట్టి, సైదులు తన కాపీలోంచి చదివితే రెండూ తగ్గాయి. మనసు పెట్టి వింటే చదివినట్టే లెక్క.

ఇక ముఠా అంతా దిగింది. భుజం అందరికీ ఉంది కదా. చదువొచ్చినవాడు మధ్యలో, రానివాళ్లు చుట్టూ, అందరి చేతుల్లో తలా ఒక కాపీ. మిల్లు తవుడు బస్తాల మీద సేటు తిండికి ఇంటికి పోయిన మధ్యాహ్నం పూట ఎట్లా ఉండేదంటే, ఒక గుంపు నుంచి కెవ్వుమని కేక, ఇంకో గుంపు నుంచి ముక్కు చీదిన చప్పుడు.

ఒక్కో రకం పుస్తకానికి ఒక్కో గుణం అని వాళ్లే కనిపెట్టారు. డిటెక్టివ్ నవల ఉంటుంది చూడండి, సూర్యాపేట పశువుల దవాఖానలో పనిచేసే ఒకాయన రాసిన 'మూడో నంబరు బోరు', అది చివరి దాకా గుండులాగే ఉండి, హంతకుడు దొరికిన పేజీలో ఒక్కసారిగా తేలిపోతుంది. పెద్దవూర అతను రాసిన ప్రేమ నవల 'ఎడమ కాల్వ గట్టు' పేజీ పేజీకి కొంచెం కొంచెం తగ్గుతుంది. కవిత్వం మొండిది. ఒకసారి చదివితే చలించదు. వారం పోయాక చాయ తాగుతుంటే ఏదో ఒక మాట గుర్తొస్తుంది, అప్పుడు బస్తాలో ఉన్న పుస్తకం తనంతట తానే తేలికవుతుంది. వంటల పుస్తకం చదివితే తగ్గదు, వండాల్సిందే. అవన్నీ ఇళ్లకు పంపారు. అందులో ఒకటి సేటు ఇంటికి కూడా చేరింది. సేటు భార్య విజయలక్ష్మమ్మ రోజూ ఒకటి వండి పెడుతుంటే సేటు వేళ్లు నాక్కుని తింటూ, "ఇయ్యాల ఏమైంది నీ చేతికి?" అని మెచ్చుకునేవాడు.

పెన్‌పహాడ్ పక్క తండాలో జితేందర్ అనే కుర్రవాడు రాసిన 'చంద్రుని మీద వరినాట్లు' గౌరీబాయికి మొదట్లో నచ్చలేదు.

"గాడ నాటేసినోళ్లకు కూలి ఎంతంట?"

"గదేం రాయలే చెల్లె."

"మరి గా పోరడు ఏం రాసిండు? పొద్దంత నడుము వంచినోళ్లకు కూలి చెప్పకపోతే అదేం కత?"

మూడో అధ్యాయంలో కూలీలు చంద్రుని మీద సమ్మెకు దిగారు. గౌరీబాయి చేతిలో పుస్తకం చప్పున లేచినంత పనైంది.

మిల్లులో మనుషులు చాలక కాపీలు బయటికి పోయాయి. దస్రు డీసీఎంలో కోదాడకు, సూర్యాపేటకు వెళ్లేవి. బస్సు కండక్టర్లు, చాయ హోటల్ వాళ్లు, బ్యూటీపార్లర్లో వంతు కోసం కూర్చున్నవాళ్లు, అందరికీ ఒకటే మాట. "మా హమాలీల భుజాలు అక్కా, జర చదివి ఇయ్యరాదు?" పుణ్యానికి తీసుకున్నవాళ్లు తర్వాత తగువులాడి తీసుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు సంచి ఎగరకుండా పైన ఇటుక పెట్టాల్సి వచ్చేది.

కోదాడలో హారిక ఫోను ఒకరోజు మోగింది. పుస్తకం వెనక అట్ట మీద ఆమె నంబరు ఉంది.

"అమ్మా, నేను మిర్యాలగూడ మిల్లుల హమాలీని. సైదులు అంటరు. గా అవ్వ అద్దం ముందర ఎందుకు నిలవడదు?"

అటువైపు జిరాక్సు మిషను ఆపిన చప్పుడు.

"బాబాయ్... మీరు ఎన్నో పేజీలో ఉన్నారు?"

"అయిపోయిందమ్మా. మా గౌరీబాయి రెండోసారి చదివించుకుంటున్నది. ఆమెకు నిద్ర పడ్తలేదంట. నిన్ను తిట్టమన్నది."

"ఏమని తిట్టారు?"

"గది ఫోన్ల చెప్పేటట్టు లేదు."

హారిక నవ్విందో ఏడ్చిందో సైదులుకు సరిగా తెలియలేదు. మిల్లులో చప్పుడు ఎక్కువ. అద్దం సంగతి మాత్రం ఆమె చెప్పలేదు, రెండో భాగంలో వస్తుందంది. ఆ మాటతో గౌరీబాయి ఇంకో నాలుగు తిట్లు జతచేసింది.

దీపావళి వెళ్లింది. డీసీఎంను ముందు ఖాళీగా ధర్మకాంటా ఎక్కించి తూకం రాయించుకొచ్చారు. పలక వేశారు. సేటు గదిలో ఫోనులో ఉన్నాడు.

ఆ పొద్దు లోడింగ్ చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్కొక్కడు రెండేసి కట్టలు చంకల్లో పెట్టుకుని పలక మీద ఈల వేసుకుంటూ నడిచాడు. గాలి వస్తే కట్టలే మనుషులను పైకి లాగాయి. సైదులు కూడా ఎడమ భుజం మీదనే మోశాడు. లక్ష్మణ్ చూసి నవ్వుకున్నాడు. ఎండ ఎక్కకముందే గోదాం ఖాళీ.

అప్పుడు సేటు కిటికీలోంచి కేకేశాడు. "తవుడు కుప్ప మీదిది మర్చిపోయిన్రు! అన్నిట్ల బరువు అదే!"

వంతు సైదులుది.

మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ కట్ట సంగతి ఎవ్వరికీ తట్టలేదు, విన్న సైదులు కూడా మర్చిపోయాడు. దాన్ని అందరూ రాయిలాగే చూస్తూ వచ్చారు. ఇప్పుడు చదవడానికి టైము లేదు, వంతు మార్చడానికి కట్టుబాటు ఒప్పుకోదు. గడ్డపారతో లేపి, నలుగురు పట్టి సైదులు భుజానికెత్తారు. సైదులు పాదాలు మట్టిలో దిగబడ్డాయి. అయినా నడిచాడు. పలక ఎక్కాడు.

పలక సగం దాటాడు. పలక నడుమ విల్లులాగా వంగింది. సైదులు ఆగిపోయాడు. ముందుకు అడుగు రావడం లేదు. వెనక్కి రాకూడదు.

"దించకన్నా!" లక్ష్మణ్ పలక దగ్గరికి ఉరికాడు. "నీకు దండం పెడత, దించకు."

"నేనేడ దించిన... అదే దిగుతున్నది," అన్నాడు సైదులు పళ్ల సందునుంచి.

అప్పుడు గుమస్తా గది తలుపు తెరుచుకుంది. చంద్రమౌళి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"గది నాది! నేనే రాసిన! కెప్టెన్ సాగర్ అంటే నేనే!"

అందరూ ఆయన వైపు తిరిగారు.

"నువ్వా సారూ? గిన్నేండ్ల సంది చెప్పవైతివి?" అన్నాడు లక్ష్మణ్.

"సిగ్గయ్యింది," అన్నాడు చంద్రమౌళి.

"సిగ్గు ముచ్చట తర్వాత సారూ!" అని గౌరీబాయి చీపురు విసిరేసి పలక మీదికి ఎక్కింది. పురికొసను నడుముకు దోపుకున్న కొడవలితో కోసింది. ఒక పుస్తకం లాగింది. ఆ ఒక్కటే ఆమె చేతులను మోకాళ్ల దాకా లాగేసింది. వెనకే లక్ష్మణ్ ఎక్కి ఒకటి తీసుకున్నాడు. ఇంకొకడు, ఇంకొకడు. చీమల బారులాగా పలక మీద వరుసగా నిలబడి తలా ఒక పుస్తకం లాగారు. సైదులు భుజం మీద సగం కట్ట మిగిలింది, ఊపిరి తీసుకోగలిగాడు.

కానీ పలక మీద ఎత్తుకున్నది పలక మీద దించకూడదు కదా. ఆ పుస్తకాలేమో ఒక్కొక్కటి తూకం రాయిలాగా ఉన్నాయి. ఎవ్వరికీ కాలు కదలడం లేదు. చేయగలిగింది ఒక్కటే. లక్ష్మణ్ ఎట్లాగో అట్ట తెరిచి గట్టిగా మొదలుపెట్టాడు. మిగిలినవాళ్లు తమ తమ పుస్తకాలు గుండెకు పట్టుకుని విన్నారు.

కథలో ఒక ఓడ. ఓడలో ఉప్పు బస్తాలు. బస్తాలు మోసే పనివాళ్లకు ఒడ్డు నుంచి ఓడకు వేసిన ఒక పలక. మిల్లు హమాలీలు దాని మీద నిలబడే ఆ పలక గురించి విన్నారు. రాసినాయన సముద్రం చూడకపోవచ్చు గానీ పలకను రోజూ కిటికీలోంచి చూశాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. చాయ అమ్మే అతను వచ్చి కెటిల్ పట్టుకునే నిలబడిపోయాడు. దస్రు స్టీరింగ్ వదిలి బండి వెనకకు వచ్చి కూర్చున్నాడు. సైదులు కళ్లు మూసుకుని, భుజం మీద సగం ఓడను మోస్తూ వింటున్నాడు.

మనుషులు కదలకపోవడం చూసి సేటు బయటికొచ్చాడు.

"ఏందిది? సమ్మెనా?"

"కాదు సేటు, తుఫాన్ వచ్చింది," అంది గౌరీబాయి చదువుతున్న లక్ష్మణ్ మీదినుంచి కన్ను తీయకుండా.

"ఏ తుఫాన్? ఎక్కడ?"

"కెప్టెన్ సారు ఓడకు. జర ఊకో, తెరచాప చినిగింది."

సేటుకు ఒళ్లు మండింది. గబగబా వచ్చి పలక చివరనున్న మనిషి చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు. లాక్కున్నప్పుడు అది బరువుగానే ఉంది. కానీ చేతితో తూకం చెప్పగల మనిషి కదా, పట్టుకున్న చేతిలోనే అది తగ్గుతుండడం తెలిసిపోయింది. లక్ష్మణ్ చదువుతున్నాడు, ఓడ ఒరుగుతోంది, సరుకు తరుగుతోంది. సేటు చెవులు మూసుకుందామని చూశాడు. చెవులు మూసుకోవాలంటే పుస్తకం కింద పెట్టాలి. కింద పెట్టేలోపు కెప్టెన్ నీళ్లలో పడ్డాడు.

"ఆగు," అన్నాడు సేటు లక్ష్మణ్‌తో. "మల్ల చదువు. ఎవడు పడ్డడు?"

సేటు పుస్తకం పట్టుకునే పలక కొస మీద కూర్చున్నాడు.

ఓడ ఒడ్డు చేరేసరికి ఎండ వాలింది. ఒక్కొక్కరే సైదులును పక్కనుంచి దాటి పైకి పోయి, పుస్తకాలు డీసీఎంలో పెట్టి, పక్కనుంచి దూకారు. ఆఖరున సైదులు మిగిలిన సగం కట్టతో నడిచాడు. భుజాన మోస్తూ వింటే భుజం మీదిదంతా తగ్గుతుందని ముఠాకు ఆ రోజే తెలిసింది. మెల్లగా దించాడు. దూకలేదు, నడిచే దిగాడు. లక్ష్మణ్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు, కొక్కెం అడగడానికి చాపే అవసరం రాలేదని చెప్పినట్టుగా.

డీసీఎం ధర్మకాంటా ఎక్కింది. నిండు బండి తూకం ఖాళీ బండి కంటే కొంచెం తక్కువ చూపించింది. కాంటా నడిపే అతను బయటికొచ్చి బండి కిందికి వంగి చూసి, టైర్లు నేలకు ఆని ఉన్నాయో లేదో తడిమి, మళ్లీ లోపలికి పోయాడు.

సేటు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కట్టలు విప్పింది ఎవరని అడిగాడు. ఎవ్వరూ చెప్పలేదు. అందరినీ తీసేద్దామంటే వడ్ల బండ్లు రోడ్డు మీద బారులు తీరి ఉన్నాయి. ఇంటికి పోయి భార్యతో చెప్పుకున్నాడు. విజయలక్ష్మమ్మ నిదానంగా విని, పేలాల పొట్లంలాంటి ఒక పుస్తకం తెచ్చి విస్తరి పక్కన పెట్టి, మీద మంచినీళ్ల గ్లాసు పెట్టింది ఎగరకుండా. నెల రోజులుగా తను ఏం తిన్నాడో సేటుకు అప్పుడు తెలిసింది. పేపర్ మిల్లు మాట మళ్లీ ఎత్తలేదు. "నా డీసీఎం ఖాళీ చెయ్యుండ్రి, గంతే," అన్నాడు.

ఖాళీ చేసింది సైదులే. కొక్కెం మర్నాడు తానే లక్ష్మణ్‌కు ఇచ్చేశాడు. "నువ్వు అడగలేదు, నేనే ఇస్తున్న. తేడా ఉన్నది," అన్నాడు. లక్ష్మణ్ దాన్ని తన మేకుకే తగిలించుకున్నాడు, ఇంకెవ్వరికీ ఇవ్వలేదు. డీసీఎంలోని పుస్తకాలన్నీ ఒక పాత టీవీఎస్ మీద ఒక్క ట్రిప్పులో సూర్యాపేటకు చేరాయి. ఇప్పుడు బస్టాండు బయట సైదులుకు ఒక బల్ల ఉంది. చుట్టుపక్కల ఎవరు పుస్తకం వేసుకున్నా ముందు ఆయనకే ఫోను వస్తుంది. "సైదులన్నా, గచ్చు పగులుతున్నది, జర వచ్చిపో" అని.

ఎండాకాలం మొదట్లో చంద్రమౌళి బస్టాండుకొచ్చాడు. చేతిలో కొత్త కట్ట, ప్రెస్సు వాసన ఇంకా పోలేదు. ఈసారి అట్ట మీద సొంత పేరే ఉంది.

"బరువెక్కకముందే తెచ్చిన," అన్నాడు.

"మంచి పని చేసినవ్ సారూ. పా, కోదాడ బస్సుంది."

కండక్టరమ్మ వాళ్లను డోరు దగ్గరే ఆపింది. "లగేజీ ఉన్నదా?" అని కట్టను ఒక చేత్తో ఎత్తి చూసింది. "కొత్తదా? అయితే ఇప్పుడు టికెట్టొద్దు. ఆరు నెలలాగి తెస్తే కొడత."

"ఆరు నెలలు ఎందుకు ఉంచుతమమ్మా," అని సైదులు సీట్లో కూర్చోకముందే పురికొస తెంపాడు. బస్సు నిండా ఆడవాళ్లు. ఒకరు ఆసుపత్రికి, ఒకరు పుట్టింటికి, ఒకరు ఊరికే. ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కొక్కటి పెట్టుకుంటూ వెనక సీటు దాకా పోయాడు. చదువు రానివాళ్ల పక్కన చదువొచ్చినవాళ్లను కూర్చోబెట్టాడు. చంద్రమౌళి కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. ముందు సీట్లో ఎవరో మొదటి వాక్యం పైకి చదివారు. ఆయన కిటికీ బయటికే చూస్తూ ఉండిపోయాడు.

కోదాడ వచ్చింది. బస్సు ఆగింది. డ్రైవరు ఇంజను బందు చేసి, దిగండమ్మా దిగండి అని రెండుసార్లు అరిచాడు. ఎవ్వరూ లేవలేదు.

సైదులు ఒక్కడే దిగాడు, రెండు చేతులూ ఊపుకుంటూ.